నేను కొట్టేసిన తొమ్మిదో గ్రహం

నా జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉంటుంది. సూర్యాపేటలో సైన్సు చెప్పే పంతులుని. పుట్టింది మిర్యాలగూడ, కోపం మాత్రం ఎక్కడ పుట్టిందో తెలియదు. ఒక ఏడాది కోదాడలో పిల్లల సైన్స్ ఫెయిర్‌కు జడ్జిగా వెళ్లాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె సౌర కుటుంబం చార్టు పట్టుకుని నిలబడింది. ఎనిమిది గ్రహాలు చక్కగా గీసింది. నెప్ట్యూన్ అవతల, చాలా దూరంలో, చుక్కలతో ఒక సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టింది.

"ఇదేంది?" అన్నాను.

"ఇంకో గ్రహం ఉండొచ్చంట సార్. ఇంకా ఎవరికీ కనపడలే. ఆడ తిరిగే చిన్న చిన్న మంచు ముద్దల దారులన్నీ ఒకే దిక్కు గుంజినట్టున్నయంట."

"కనపడనిదాన్ని ఎట్ల గీస్తవ్?"

"మాది సాగర్ కాలువ చివరి ఊరు సార్. నీళ్లు తగ్గితే పైన ఎవరో మోటరు పెట్టిండ్రంటం. మోటరు కనపడదు, నీళ్లు తగ్గుడే కనపడతది."

"మోటరే లేకపోతే?"

"అప్పుడు మనం సరిగ్గ చూడలేదన్నట్టు. కొందరు గట్లనే అంటుండ్రు సార్, ఆకాశం అంతా చూడలే, చూసిన కాడిదే పట్టుకొని చెప్తుండ్రని. అందుకే ప్రశ్న పెట్టిన."

ఆ సంగతి నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు, వెనక ఇద్దరు జడ్జీలు వింటున్నారు. "పుస్తకంల లేనిది చార్టు మీదికి ఎట్లొచ్చింది?" అని గద్దించి, ఎర్ర పెన్ను తీసి ఆ సున్నాను అడ్డంగా కొట్టేశాను. ఎర్ర గీత పడ్డ చార్టును జిల్లాకు ఎవరు పంపుతారు? సూర్యాపేటలో జరిగే జిల్లా ఫెయిర్‌కు ఆమె ఎంపిక కాలేదు.

తిరుగు బస్సులో ఫోన్ తీసి చూశాను. మునగాల దాటకముందే తెలిసిపోయింది, ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. సిగ్గేసింది. దిగి వెనక్కి వెళ్లవచ్చు. ఫలితాలు ఎలాగూ చెప్పేసి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకుని సీట్లో కూర్చుండిపోయాను.

మరుసటి ఏడాది అదే హాల్లో ఆమె మళ్లీ కనపడింది. రంగులేసిన థర్మోకోల్ బంతులు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. లెక్కపెట్టాను, ఎనిమిదే.

"ఆ తొమ్మిదోది ఏమైందమ్మా?"

"మీరు లేదన్నరు గద సార్."

గొంతులో కోపమేమీ లేదు. నా మాట నమ్మింది, అంతే. "తప్పు నాదే బిడ్డా" అనాలి. పక్కనున్న జడ్జి అప్పటికే "అచ్చం పుస్తకంల ఉన్నట్టే చేసింది" అని మెచ్చుకుంటున్నాడు. నేను తలూపి నిండుగా మార్కులు వేశాను.

సాయంత్రం మొదటి బహుమతి నా చేతుల మీదుగానే ఇప్పించారు. ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.