రెండో గుంపు ఎలుకలు

ఆయన్ని వీధిలో అందరూ ఎలకల మాస్టారు అంటారు. పాఠాలేమీ చెప్పడు. మందుల పరిశోధన జరిగే చోట చిట్టెలుకల గది చూసుకుంటాడు, అంతే. ఒట్టి కంగారు మనిషి. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొచ్చే రకం. అలాంటి వాడి భార్యకు రొమ్ములో గడ్డ అని తేలితే ఇంక చెప్పాలా! ఆవిడ నిబ్బరంగానే ఉంది. ఈయనకే అన్నం సహించలేదు.

ముందు కీమోతో గడ్డను కరిగించి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. గడ్డ తగ్గుతూ వచ్చింది, అది నిజం. కానీ ఆ మందు ఆవిడ నరాలమీద పడింది. అరచేతులు, అరికాళ్లు భగభగా మంట. వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆవిడ కుట్టుపని చేసే మనిషి. ఓ రోజు జాకెట్టు కుడుతుంటే సూది వేలికి దిగబడింది, తెలియనే లేదు. గుడ్డమీద రక్తపు మరక చూసి, "ఇదెక్కడిదండీ?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇలాగే ముదిరితే కీమో మోతాదు తగ్గించాల్సి వస్తుంది. తగ్గిస్తే గడ్డకు అలుసు" అన్నాడు డాక్టరు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మాస్టారి గదిలో ఎలుకలకు ఎక్కిస్తున్నదీ సరిగ్గా ఆ మందే. నరాలు ఎందుకు చెడుతున్నాయి, చెడకుండా ఏమిస్తే మంచిది అన్నదే అక్కడి పని. వేరే జబ్బుకు ఎప్పటినుంచో వాడుతున్న ఓ మాత్రను మందుతో పాటు ఇచ్చి చూస్తున్నారు. ఎలుకను తీగల వల మీద నిలబెట్టి, కిందనుంచి సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని తాకుతారు. నరం మండిపోతున్న ఎలుక ఠక్కున కాలు లాక్కుంటుంది. మాత్ర వేసిన ఎలుకలు మాత్రం ఏమీ ఎరగనట్టు మీసాలు దువ్వుకుంటూ నిలబడ్డాయి. అది చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

అయితే అవి ఒంట్లో గడ్డ లేని ఎలుకలు. రెండో గుంపుకు గడ్డలుంటాయి. నరాలను కాపాడే మాత్ర గడ్డను కూడా కాపాడుతోందేమో వాటిలో చూడాలి. అది చూసేదాకా మనిషి జోలికి పోకూడదు. కొత్తగా పనిలో చేరేవాళ్లందరికీ ఈ మాట నూరిపోసేది ఎవరనుకున్నారు? ఈ మహానుభావుడే! కానీ ఇంట్లో భార్య అరచేతులు తడి తువ్వాలులో చుట్టుకుని కూర్చుంటే, రెండో గుంపు ఎవరికి గుర్తుంటుంది? మందుల షాపులో ఆ మాత్రలు కొని తెచ్చి, "బలానికట, డాక్టరుగారు వేసుకోమన్నారు" అనేశాడు.

ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, కట్టుకున్నవాడాయె! కొన్నాళ్లకు మంట తగ్గింది. ఓ పొద్దున సూదిలో దారం తనే ఎక్కించుకుని, "చూశారా!" అంటూ చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు ఈయన నేలమీద నడవలేదు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. రెండో గుంపు కొలతలు వచ్చాయి. మాత్ర వేసిన ఎలుకల్లో గడ్డలు కరగడం మానేశాయి. కొన్నింటిలో పెరిగాయి కూడా. ఆ పరిశోధన నడిపే మేడం, "పోనీలెండి, ఇది తెలియడానికేగా వీటిని పెట్టింది. ఇంకెవరికీ ఇవ్వకముందే తెలిసింది" అంది.

లోకంలో అందరికంటే ముందు ఆ కీమోతో పాటు ఈ మాత్ర మింగిన మనిషి మాస్టారి ఇంట్లోనే ఉంది. చేతిలో పని వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

మిషను ముందు కూర్చున్న భార్యకు గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు. ఆవిడ మిషను ఆపింది. సూది కిందినుంచి గుడ్డను మెల్లగా లాగి దారం తెంపింది. తిట్టినా బాగుండును అనుకున్నాడు.

"ఎలుకలకైనా రెండుసార్లు చూసి ఇస్తారు కదండీ" అంది చివరికి. "నా విషయంలో ఆ మాత్రం ఆగలేకపోయారా?"

"నీ బాధ చూడలేకపోయానే..."

"బాధ నాది. చూడలేకపోయింది మీరు. నన్నో మాట అడగొద్దూ?"

సంగతి విని డాక్టరు దులిపేశాడు. "ఆ గదిలో పనిచేస్తూ మీరే ఇలా చేస్తే ఎలాగండీ!" అని మాత్రలు ఆపించి, స్కానింగుకు పంపాడు. ఆ రిపోర్టు వచ్చేదాకా మాస్టారు కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాడు. గడ్డ పెరిగి ఉంటే చంపింది తనే కదా అని కుమిలిపోయాడు. ఆవిడ ముభావంగా వంట చేసింది, ముభావంగానే వడ్డించింది.

రిపోర్టు వచ్చింది. గడ్డ పెరగలేదు. అలాగని మునుపటిలా తగ్గనూ లేదు. మాత్రవల్లే అలా అయిందో, మరెందుకో డాక్టరు కూడా తేల్చి చెప్పలేకపోయాడు. కీమో అనుకున్నదానికంటే ఇంకో రెండు విడతలు పొడిగించాడు. ఆ రెండూ ఏ మాత్రా లేకుండా భరించాల్సిందే.

వాటిలో మొదటి విడత ఎక్కుతున్న రోజు మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. సీసాలోంచి మందు చుక్క చుక్కగా దిగుతోంది. మాత్ర మానేశాక ఆవిడ చేతులు మళ్లీ ఎర్రగా కందిపోయాయి.

"మండుతోందండీ" అంది.

ఏదో ఒకటి చెప్పి ఓదార్చబోయి ఆగిపోయాడు. "నా దగ్గర ఏమీ లేదే" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్ల తర్వాత తన చెయ్యి తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ముట్టుకుంటే ఎక్కడ నొప్పెడుతుందోనని ఆయన దాన్ని పట్టుకోలేకపోయాడు.