బల్ల చరిచి మరీ ఆపుకున్న కాల్వ

మా వీధి మురుగు కాల్వ సంగతి తేలుతుందని ఈ రోజు మున్సిపల్ సమావేశానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. అక్కడ ఒక్కో అంశం చదవగానే సభ్యులు బల్లలు చరుస్తారు, అది పాసైపోతుంది. "మిర్చి యార్డు వెనక వీధి కాల్వ పని వచ్చే ఏడాదికి వాయిదా" అని చదివారు. అందరికంటే గట్టిగా బల్ల చరిచింది మా వార్డు కౌన్సిలరే!

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఏందన్నా, మన కాల్వనే ఆపుతుంటే బల్ల కొట్టినవ్?"

"అవ్నా? పక్కాయనతోని మాట్లాడుతున్న తమ్మీ. అందరు కొడ్తున్నరని నేను గూడ కొట్టిన."

వాన పడితే ఆ మురుగు ముందుగా చేరేది ఆయన వాకిట్లోకే. తొలివాన నాడు పరామర్శకు వెళ్తున్నాను. మీలో ఎవరైనా వస్తారా?