వారెంటుకు సరిపడే కారణం

వీధి మొదట్లో రేకుల పంచ కింద ఇస్త్రీ బల్ల వేసుకున్న ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అంతే. బల్ల వెనక ఉన్న ఒక్క గదే ఆమె ఇల్లు. ఆమెకు రెండు గొప్పలున్నాయి. ఒకటి, ఇన్నేళ్లలో ఒక్క బట్ట కూడా కాల్చలేదు. రెండు, ఏ చొక్కా ఎవరిదో చూడగానే చెప్పేస్తుంది. మొదటి గొప్పతో ఎవరికీ నష్టం లేదు. రెండోదే కొంప ముంచింది.

ఆ ఉదయం ఎస్సై వచ్చి బల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచీ పెట్టాడు. అందులో చినిగిన గుడ్డ పేలిక, దానికి వేలాడుతూ ఒక గుండీ. మొన్న రాత్రి ఎవరో మందుల షాపు తాళం పగలగొట్టారు. అడ్డొచ్చిన కాపలా తాత తల పగిలి ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. ఈ పేలిక ఆయన గుప్పిట్లో దొరికిందట.

"ఎవరిదో చెప్పగలవా?" అన్నాడు ఎస్సై.

బుద్ధున్న మనిషైతే కాసేపు తటపటాయించేది. ఈవిడ ఆగలేదు. "లెక్కల మాస్టారిది, నీలం చారల చొక్కా. ఆ గుండీ నేనే కుట్టాను సార్. తెల్లదారం అయిపోతే గోధుమరంగు దారంతో కుట్టాను" అంది, క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తిన పిల్లలా.

ఎస్సై మొహం వెలిగింది. "అయితే రేపు కోర్టుకు రా. మేజిస్ట్రేట్ అమ్మగారి ముందు ప్రమాణం చేసి ఇదే మాట చెప్పాలి. ఊరికే అనుమానంగా ఉందంటే ఆవిడ వారెంట్ ఇవ్వరు. ఈ మనిషినే ఎందుకు పట్టుకోవాలి, సరిపడే కారణం చూపించమంటారు. ఇప్పుడు మాకున్న కారణం నువ్వే."

"మాస్టారు అలాంటి మనిషి కాదు సార్."

"అదంతా విచారణలో తేలుతుందిలే" అని అతను సంచీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుందో లేదో, నిన్నటి మాట గుర్తొచ్చి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారు నిన్ననే వచ్చి, "అమ్మా, నీలం చారల చొక్కా ఇంకా రాలేదు" అన్నారు. "ఇచ్చేశాను మాస్టారూ, మీ ఇంట్లోనే ఉంటుంది, సరిగ్గా వెతకండి" అంది. ఇస్త్రీ బల్ల అన్నాక ఆ మాట అనకుండా నడవదు. అబద్ధమని కాదు, అలవాటు. కానీ ఆ చొక్కా మాస్టారింటికి అసలు వెళ్లనే లేదు. అంటే తన గదిలోనే ఉండాలి. ఆ గదిలో చొక్కాలు వేసుకునేది ఒక్కడే, తమ్ముడు.

వాడిని అందరూ చిన్నోడు అంటారు. తల్లి పురిట్లోనే పోతే ఇంత పిల్లాడిని చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు లారీలకు బస్తాలెత్తుతున్నాడు. అప్పుడప్పుడు ఎవరిదో మంచి చొక్కా తగిలించుకుని బయటికి వెళ్తుంటే చూసీ చూడనట్టు ఊరుకునేది. ఒక పూటకి చొక్కా అరిగిపోతుందా, ఉతికి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకునేది.

గదంతా వెతికింది. బొగ్గుల బస్తా వెనక దొరికింది చొక్కా. ఛాతీ దగ్గర చినిగి ఉంది, చేతి అంచున ఎండిపోయిన నెత్తురు మరక. అక్కడే కూలబడింది.

సాయంత్రం చిన్నోడు వచ్చేసరికి అది ఆమె ఒళ్లోనే ఉంది. వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తాళం పగలగొట్టింది నేను కాదక్కా, నాతో వచ్చినవాళ్లు. తాత నా చొక్కా పట్టుకున్నాడు. విడిపించుకోవాలని తోశాను, అంతే. పడతాడనుకోలేదు."

"ఆయన పోతే?"

వాడు దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "మాస్టారు పెద్దమనిషి. రెండ్రోజులు తిప్పి వదిలేస్తారు. నన్నైతే వదలరక్కా. అది కాల్చెయ్. పొయ్యి ఎర్రగానే ఉంది."

నిజమే, బొగ్గులు ఎర్రగానే ఉన్నాయి. ఆమె చొక్కా తీసుకుని పొయ్యి దాకా వెళ్లింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాడిని సంకెళ్లతో లాక్కెళ్తున్నట్టు ఒకసారి, మాస్టారిని లాక్కెళ్తున్నట్టు ఒకసారి కళ్ల ముందు కనిపించింది. చివరికి చొక్కా మడత పెట్టి సంచీలో పెట్టుకుంది. ఎందుకో వాడికి చెప్పలేదు. కాల్చడం చేతకాక దాచిందనుకున్నాడు వాడు.

పొద్దున్నే మాస్టారు బట్టల మూటతో వచ్చారు. పాపం, ఆయనకేమీ తెలియదు. "ఇల్లంతా వెతికానమ్మా, చొక్కా కనపళ్లేదు. నేనే ఎక్కడో పారేసుకునుంటాను. నిన్ను అడిగినందుకు ఏమనుకోకు" అన్నారు.

ఆమె మూట అందుకుంది గానీ ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

కోర్టు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. మాస్టారి పేరు రాసి తెచ్చిన కాగితం ఎస్సై అప్పటికే బల్ల మీద పెట్టాడు. ప్రమాణం చేయించాక మేజిస్ట్రేట్ అడిగింది. "చొక్కా మాస్టారిదే. సరే. మరి ఆ రాత్రి అది ఆయన దగ్గరే ఉందని నీకెలా తెలుసు?"

ఎస్సై ఈ ప్రశ్న అడగలేదు. అడిగుంటే నిన్ననే అబద్ధం చెప్పేసేదేమో. ఆమె సంచీలోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన దగ్గర లేదమ్మా. మా ఇంట్లో ఉంది. మా తమ్ముడు వేసుకున్నాడు. తాతని తోసింది వాడే, నాతో చెప్పాడు."

మేజిస్ట్రేట్ మాస్టారి కాగితాన్ని పక్కకు నెట్టి తెల్లకాగితం తీసుకుంది. "తమ్ముడి పేరు?"

"చిన్నోడు."

"అసలు పేరు చెప్పమ్మా."

ఆ పేరు పెట్టింది ఆమే. వీధిలో ఎవరికీ తెలియని ఆ పేరును అక్షరం అక్షరం చెప్పింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంట్లోనే ఉన్నాడమ్మా. బల్ల చూసుకోమని చెప్పొచ్చాను. నేను చెప్పనని వాడి నమ్మకం."