పదిహేనో బంతికి మర్యాద

ముక్తేశ్వరంలో మా ఎదురింటి రామ్మూర్తి పద్నాలుగేళ్ళు మస్కట్‌లో ఒక క్లబ్బులో పనిచేశాడు. మెంబర్లు ఆడుకునే పూల్ బల్ల మీది పచ్చగుడ్డను రోజూ బ్రష్షుతో దువ్వడం, బంతులు తుడిచి వరసపెట్టడం అతని పని. ఆట మొత్తం కళ్ళతోనే నేర్చుకున్నాడు. పనివాళ్ళు కర్ర పట్టుకోకూడదని అక్కడి రూలు. ఒక్కసారైనా గెలుపు బంతిని తన చేత్తో గుంటలో వేయాలన్న కోరిక మాత్రం అతనితోపాటు విమానమెక్కి ఇంటికొచ్చింది.

వచ్చిన ఏడాదికే అమలాపురంలో మూతపడిన ఓ క్లబ్బు నుంచి పాత బల్ల తెచ్చి సావిట్లో వేయించాడు. గుడ్డ కింద రాతిపలక ఉంటుందట; మోయడానికి ఎనిమిదిమంది కొబ్బరి దింపువాళ్ళు కావలసివచ్చింది. మంచం వేసుకునే చోటు పోయిందని భార్య భూలక్ష్మి వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆట తేలికే. ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలున్న బంతులు. తెల్లబంతిని కర్రతో పొడిస్తే, అది బల్ల మీద మిగిలినవాటిలో అన్నిటికన్నా చిన్న అంకెకే ముందు తగలాలి. అలా తగిలాక ఏ బంతి గుంటలో పడినా దాని అంకెన్ని పాయింట్లు మనవి. పడినంతసేపూ మనమే ఆడొచ్చు, పడకపోతే ఎదుటివాడి వంతు. ముందు అరవైఒకటి ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు. మస్కట్‌లో అరగంటలో తేలిపోయేదట. మా ఊళ్ళో మూడు నెలలైనా ఒక్క ఆటా తేలలేదు.

కారణం మా మర్యాద. పళ్ళెంలో ఆఖరి గారె ప్రాణం పోయినా మేం తీసుకోం. గెలిపించే బంతి దగ్గరకొచ్చేసరికి "తమరు కానివ్వండి", "అబ్బే, తమరే" అనుకుంటూ కర్రలు గోడకి ఆనించి కూర్చునేవారు. ఈలోగా భోజనాల వేళయ్యేది. ఆట మధ్యలో ఉన్న మనిషిని ఇంటికి పంపలేం కనక భూలక్ష్మి అందరికీ విస్తళ్ళు వేసేది. ఇక రామ్మూర్తికి ఆ బంతి ఎలాగూ దక్కదు. అతిథి కంటే ముందు ఇంటివాడు తింటాడా?

చివరికి భూలక్ష్మి తేల్చి చెప్పింది. "ఈ ఆదివారం ఒక్కాటైనా పూర్తవ్వాలండి. లేకపోతే సోమవారం అల్లవరం నుంచి మా తమ్ముడొచ్చి బల్ల పట్టుకెళ్ళిపోతాడు. చెరువు దగ్గర రొయ్యలు ఏరుకోడానికి బాగుంటుందంట."

ఆ పూట రామ్మూర్తి అన్నం సగంలో లేచిపోయాడు.

ఆదివారం ఆటకి వచ్చింది ఎవరనుకున్నారు? కపిలేశ్వరపురం నుంచి వియ్యంకుడు గంగాధరరావు, రామ్మూర్తి కూతురికి మామగారు. మగపెళ్ళివారిని ఓడించడం కన్నా గోదాట్లో దూకడం నయం. పాయింట్లు రాసే పని నాకు అప్పగించారు. పన్నెండు గంటలకి గంగాధరరావుకి యాభైమూడు, రామ్మూర్తికి యాభైరెండు. బల్ల మీద మిగిలింది పదిహేనో బంతి ఒక్కటే. అది ఎవరు వేస్తే వాళ్ళదే గెలుపు.

"కానివ్వండి బావగారూ."

"నాకు చూపు ఆనట్లేదండి. తమరే కానివ్వండి."

ఇద్దరూ తగిలీ తగలనట్టు పొడవసాగారు. చెడగొట్టడంలో ఒకరిని మించిన నేర్పు ఒకరు చూపించారు. గంటన్నరలో ఆ బంతి బల్లంతా తిరిగి తిరిగి, వద్దన్నా వెళ్ళి మూల గుంట అంచున ఆగింది. ఉఫ్‌మంటే పడుతుంది. వంతు రామ్మూర్తిది. వేస్తే వియ్యంకుడికి అవమానం, వేయకపోతే రేపు రొయ్యలు. నాకు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఇద్దర్నీ కలిపి తిట్టాలనిపించింది.

భూలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. "పులుసు మూడోసారి వెచ్చబెట్టేనండి. ఇంకా ఏంటి?"

సంగతి నేను చెప్పాను. ఆవిడ భర్త మొహంకేసి చూసింది. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఈ పూటకి ఈ ఇల్లు మీదండి. ఈయన చుట్టం" అంది.

"ఆయ్" అన్నాడు గంగాధరరావు, ఇది రోజూ జరిగేదే అన్నట్టు.

ఆవిడ రామ్మూర్తికి చెప్పులు వేయించి వీధి గేటు బయటికి పంపింది. గంగాధరరావు చేతికి చెంబుతో నీళ్ళిచ్చింది. రామ్మూర్తి గేటు తీసుకుని తన ఇంట్లోకే బెరుకుగా వచ్చాడు.

"రండి బావగారూ, ఎండన పడొచ్చేరు. కాళ్ళు కడుక్కోండి. అమ్మాయి కులాసాయేనా?" అన్నాడు గంగాధరరావు. అమ్మాయి ఉండేది ఆయన ఇంట్లోనే.

"కులాసాయేనండి" అన్నాడు రామ్మూర్తి.

"ఒక్క బంతి పుచ్చుకోండి. మా ఇంటికొచ్చి ఊరికే వెళ్ళిపోతే బాగోదు."

"ఇప్పుడే తినొచ్చేనండి" అనేశాడు రామ్మూర్తి, అలవాటు కొద్దీ. భూలక్ష్మి గరిటె చూపించింది.

అతను వంగి పొడిచాడు. బంతి పడిన చప్పుడు చిన్నదే. రామ్మూర్తి బల్ల మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పద్నాలుగేళ్ళు దువ్వేనండి అక్కడి బల్లని. నువ్వూ ఆడతావా అని ఒక్కళ్ళడగలేదండి."

నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, ఆకలివల్ల కాదు. బల్ల ఇవ్వడం లేదని భూలక్ష్మి తమ్ముడికి ఫోను చేసి, వంటింట్లోకి వెళ్ళి విస్తళ్ళు తెచ్చింది. తీరా చూస్తే గంగాధరరావు గుంటల్లోంచి బంతులు ఏరి మళ్ళీ వరసపెడుతున్నాడు. ఆయన ఇంకా ఇంటివాడి హోదాలోనే ఉన్నాడు.

"అదేంటండి బావగారూ, ఒక్కదానితో లేచిపోతారా? మారు వేసుకోవాలి" అన్నాడు.

రామ్మూర్తి కళ్ళు తుడుచుకుని, ఈసారి బతిమాలించుకోకుండానే కర్ర అందుకున్నాడు.