హారన్‌కి పడిన రెండు గడువులు

అరవైల మొదట్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి లోకం తేలిగ్గా ఉండేది. తప్పు చేసినవాడు జైలుకు, చేయనివాడు ఇంటికి. మొదటిసారి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని మాట తీసుకుని వదిలిపెట్టే కొత్త చట్టం ఒకటి వచ్చి, ఆ రెంటికీ మధ్య నాలాంటి ప్రొబేషన్ ఆఫీసర్లను నిలబెట్టింది. వదిలిన మనిషిని కనిపెట్టి ఉండటం మా పని. నరసరావుపేటలో నాకు అప్పగించిన మొదటి మనిషి ఒక ప్రైవేటు బస్సు క్లీనరు. నోటితో అచ్చం బస్సులా కూత పెడతాడని అందరూ హారన్ అనేవారు. నాకంటే పెద్దవాడు, పైగా పెళ్లయినవాడు. (నేను బ్రహ్మచారిని. అయినా సంసారం ఎలా చేసుకోవాలో అతనికి నేనే చెప్పాలి.)

హారన్ తాను డ్రైవరునని చెప్పి గురజాల పిల్లను చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ అమ్మాయి, మొగుడు బస్సు టాపు మీద మూటలు సర్దుతుంటే చూసి, అటునుంచటే పుట్టింటికి వెళ్లిపోయింది. తనకు నడపడం వచ్చని చూపించి ఆమెను తెచ్చుకుందామని, ఇతను ఒక తెల్లవారుజామున షెడ్డులోని బస్సు తీశాడు. దారిలో చెయ్యెత్తిన వాళ్లందరినీ అలవాటు కొద్దీ ఎక్కించుకున్నాడు. గురజాల దాకా బాగానే వెళ్లి, సరిగ్గా మామగారింటి ముందు బ్రేకు అందక గడ్డివామిలోకి దూరాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సాక్ష్యానికి వచ్చిన ప్రయాణికులు అసలు డ్రైవరుకన్నా ఇతనే నిదానంగా నడిపాడని చెప్పేసరికి మేజిస్ట్రేటుగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. ఇంతకుముందు ఏ కేసూ లేదు కనుక ఏడాదిపాటు బుద్ధిగా ఉండాలని, స్టీరింగు ముట్టుకోకూడదని చెప్పి నాకు అప్పగించారు. తప్పితే జైలే.

పనీ పోయి, భార్యా లేని మనిషి మళ్లీ ఏ బస్సు తీస్తాడోనని భయపడి, ట్రైనింగులో విన్న ఉపన్యాసం నెమరేసుకుంటూ గురజాల వెళ్లాను. ఆ అమ్మాయి మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విన్నది.

"బస్సు తీసుకపోయినందుకు కోర్టోళ్లు అడిగారు. అబద్ధం చెప్పి నన్ను చేసుకున్నందుకు ఎవరు అడగాలయ్యా?"

దానికి నా దగ్గర ఏ సెక్షనూ లేదు. నువ్వే అడుగమ్మా అన్నాను.

"అట్టయితే నా కాడ కూడా ఒక ఏడాది. ఆదివారం ఆదివారం వచ్చి, ఏం పని చేశాడో ఉన్నదున్నట్టు చెప్పి పోవాల. అబద్ధమాడితే మళ్లీ మొదటికొస్తది."

హారన్ మెకానిక్ షాపులో చేరాడు. నా దగ్గరికి పిలిస్తేగాని రాడు, అక్కడికి మాత్రం వానలోనూ వెళ్లి వాకిట్లో నిలబడేవాడు. ముందు మొదలైన కోర్టు గడువు ముందే ముగిసింది. ఆమె గడువు తగ్గించమని ఒక మాట చెప్పండని హారన్ అడిగితే మళ్లీ వెళ్లాను. మీది మీరు చూసుకున్నారుగా, నాది నేను చూసుకుంటానంది. అది తీరిన రోజున పెట్టె పట్టుకుని తనే నరసరావుపేటలో బస్సు దిగింది. హారన్ పెట్టె అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు. నేను మాత్రం, నా పర్యవేక్షణలో ముద్దాయి బాగుపడ్డాడని పైవాళ్లకు గర్వంగా రాశాను.

వెళ్లబోతూ ఆ అమ్మాయి, "అన్నయ్యా, మీరు పిల్లను చూసుకునేప్పుడు ఉజ్జోగం సంగతి విడమరిచి చెప్పండి" అంది. ఆ వేసవిలో మాచర్లకు పెళ్లిచూపులకు వెళ్లి చాలాసేపు విడమరిచాను. అంతా విని పిల్ల తండ్రి ఆప్యాయంగా నా భుజం తట్టి, "పోనీలే బాబూ, కుర్రతనంలో ఎవురైనా తప్పు చేస్తారు. ఇంతకీ నిన్నెప్పుడు వదుల్తారు?" అన్నారు. పిల్ల తలవంచుకుని నవ్వింది. కోటు గుండీలు సవరించుకుంటూ, "నేను ఆఫీసరునండీ" అని గొణిగిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. ఆ మాట అక్కడెవరూ నమ్మలేదు. పెళ్లి మాత్రం జరిగింది.