మనవాడి గ్రూపులో నా సొంత ఏజెన్సీ

దుబాయ్‌లోని దేరాలో ఒక బీమా కంపెనీలో చాలాకాలం గుమాస్తాగిరీ వెలగబెట్టి, అరబ్బీ చదవడం కూడా నేర్చుకున్నాక, ఎనభైల మొదట్లో నాకు స్వతంత్రం మీద మోజు పుట్టింది. ఇక ఎవడి కిందా పనిచెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. లైసెన్సుకి కఫీల్, అంటే మనకి పూచీగా ఉండే ఆ దేశస్థుడు, కావాలన్నారు. అక్కడికి దగ్గర్లోనే నైఫ్ బజార్లో గుడ్డల కొట్టున్న ఒక అరబ్బు పెద్దమనిషి సరేనన్నాడు. తీరా చూస్తే, కంపెనీలు నాలాంటి చిన్నవాడితో నేరుగా మాట్లాడవట. చిన్న ఏజెంట్లని పోగేసుకున్న పెద్ద ఏజెన్సీలుంటాయి, వాటిలో ఒకదాని కింద చేరితేనే పాలసీలు అమ్మనిస్తారు. ఇప్పుడు నెట్‌వర్క్ అంటున్నారు, మేం గ్రూపు అనేవాళ్లం. అంటే స్వతంత్రుణ్ణి కావాలంటే ముందు ఇద్దరు యజమానుల్ని వెతుక్కోవాలన్నమాట. ఆహా, ఏం స్వతంత్రం!

నా ఆస్తల్లా మనుషులే. దుబాయ్‌కి దగ్గర్లోని అజ్మాన్ చుట్టుపక్కల పికప్పులు నడుపుకునే మన తెలంగాణవాళ్లు. ఏటా బండి కాగితాలు కొత్తవి కావాలంటే బీమా తప్పదు. వాళ్లకి కంపెనీల పేర్లు అక్కర్లేదు, "సారు కాడికి పోదాం" అంటారు. ఆ సారుని నేను. వాళ్లు వస్తే నాకూ మా ఆవిడకీ ఇక్కడ అన్నం, రాకపోతే ఇంటికి పోయే విమానం.

మొదట ఒక మిస్రీ దగ్గరికి వెళ్లాను. ఈజిప్టువాళ్లని మేం అలాగే అనేవాళ్లం. ఆయన టీ తెప్పించి, వచ్చీరాని హిందీలో అడిగిన మొదటి మాట, "రేపు మనం విడిపోతే నీ కస్టమర్లు నీవాళ్లా, నావాళ్లా? ముందు అది రాసుకుందాం" అని. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లిచూపులకి వెళ్తే విడాకుల సంగతి తేల్చమన్నట్టుంది! బయల్దేరేవాణ్ణి ఎక్కడికని కూడా అడగని జాతి మాది. టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

"అడిగినదాంట్లో తప్పేముందండీ?" అంది మా ఆవిడ.

"శుభమా అని మొదలెడుతుంటే ఆ మాటలేంటే, అపశకునం!"

"శకునం సంగతి సరే. ఇంతకీ వాళ్లు ఎవరివాళ్లు?"

రెండో గ్రూపు యజమాని మనవాడే. అచ్చంగా మా గోదావరివాడు. ఊరి పేరు చెప్పగానే, "మా మేనత్తనిచ్చింది మీ ఊళ్లోనేనయ్యా!" అని లేచి కావలించుకున్నాడు. ఇంటికి తీసుకెళ్లి, డబ్బాలో వచ్చిన పనసకాయతో పనసపొట్టు కూర పెట్టించాడు. దుబాయ్‌లో పనసపొట్టు కూర! రెండోసారి వడ్డించుకున్నాక, మా ఆవిడ పోరు పడలేక నసిగాను, కస్టమర్ల సంగతి ఏదైనా కాగితం మీద పెడితే బాగుంటుందేమోనని. ఆయన మొహం చిన్నబోయింది.

"మనలో మనకి కాగితాలేంటి తమ్ముడూ? నీవాళ్లు నావాళ్లు కారూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఎంత నిజం చెప్పాడో మహానుభావుడు.

అజ్మాన్‌లో నా ఆఫీసు తెరిచినరోజు నా డ్రైవర్లందర్నీ పిలిచి, ఆయన మెడలో దండ వేసి, "ఈయన మా అన్నలాంటివారు, నన్ను నమ్మినట్టే నమ్మండి" అని ఉపన్యాసం కూడా దంచాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లు పని బాగానే సాగింది.

తరవాత ఒక ఎండాకాలం మనుషులు రావడం తగ్గింది. సెలవుల మీద ఊళ్లకి పోయుంటారనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే నా పాత డ్రైవరొకడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"సారూ, ఖోర్ ఫక్కాన్ తొవ్వల బండి గుద్దుకున్నది. పోలీసోళ్ల కాగితం అరబ్బీల ఉన్నది. కొత్త ఆఫీసుల ఆయనకు చదవరాదంట, రేపు రా, ఎల్లుండి రా అంటుండు. బండి బాగుగాకుంటె మా కఫీల్ నీ పని ఖలాస్, ఇంటికి పో అంటడు. జర మీరొచ్చి చెప్పుండ్రి."

"ఏ కొత్త ఆఫీసురా?"

"మీదే గద సారూ! మార్కెట్ ఎన్క."

ఫోను చేస్తే మనవాడు ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. బావమరిది ఊర్నించి ఖాళీగా వచ్చాడట, అజ్మాన్‌లో చిన్న బ్రాంచి పెట్టించాడట, నా డ్రైవర్లందరికీ కబురు పంపాడట. "గ్రూపు కస్టమర్లు గ్రూపువాళ్లే కదా తమ్ముడూ, నీకు చెప్పేదేముంది?" అన్నాడు. నిజమే, నాకు చెప్పేదేమీ లేదు. అలా చెయ్యడానికి వీల్లేదని ఎక్కడా రాసి లేదు. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. ఎదురుగా డ్రైవర్ ఉన్నాడు కాబట్టి ఏడవలేదు.

అతని పని మాత్రం కాదనలేకపోయాను. ఆ సొట్టబోయిన పికప్పులోనే ఎక్కించుకుని నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. ఏసీ, కొత్త సోఫాలు, గుమ్మానికి మామిడాకుల బదులు ప్లాస్టిక్ తోరణం. బావమరిది నన్నెప్పుడూ చూడలేదు. లేచి, మర్యాదగా కుర్చీ జరిపాడు.

"కూర్చోండి. మీరూ కస్టమరాండీ?"

నేను నోరు తెరిచేలోగా నా డ్రైవరు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

"కాదు సార్! మమ్మల్నందర్ని మీ కాడికి తోలింది ఈ సారే."