పరోటా మాస్టర్ శవాసనం

2023 ఎండాకాలం. తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా ఉన్నాను. పని పెద్ద కష్టమేమీ కాదు. మనిషిని సొరంగంలాంటి యంత్రంలోకి పంపి, అద్దం వెనక కూర్చుని, కదలొద్దని మైకులో చెప్పాలి. ఆ మాట వినేవాళ్లు తక్కువ కాబట్టే జీతం ఇస్తారు.

మునస్వామి పుత్తూరులో పరోటా మాస్టర్. కుడిచేతిలో పట్టు తగ్గుతూ వచ్చి, గాల్లోకి విసిరిన పిండి వెళ్లి, తినడానికి వచ్చినవాళ్ల భుజాన పడే దాకా వచ్చింది. మెడలో నరం నొక్కుకుంటోందేమో, స్కాన్ చూడనిదే కత్తి పట్టనన్నాడు సర్జన్. ఆలస్యమైతే చెయ్యి పూర్తిగా పోవచ్చనీ అన్నాడు. తీద్దామంటే, మెడకు కాయిల్ బిగించగానే మునస్వామి బజర్ నొక్కి బయటపడేవాడు. కాయిల్ అంటే సిగ్నల్ పట్టే పంజరం లాంటిది. రెండుసార్లు ఇదే తంతు. మత్తిద్దామంటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుందని మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు.

మూడోసారి భార్య కాంతమ్మతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఈతూరి భయం లేదు సారూ. నెలనాళ్లుగా ప్రాణాయామం నేర్సుకుంటా ఉండా."

నిజంగానే బజర్ నొక్కలేదు. పొట్టనిండా గాలి పీల్చి, నింపాదిగా వదులుతున్నాడు. నాకు ముచ్చటేసింది, తెర మీద బొమ్మలు వచ్చేదాకా. మెడ ఎముకలు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయాయి. దీన్ని మోషన్ ఆర్టిఫ్యాక్ట్ అంటాం. కదిలిన మనిషికి చెదిరిన బొమ్మ. ఆ గొప్ప ఊపిరికి భుజాలతో పాటు మెడ కూడా లేచి దిగుతోంది.

బయటికి లాగాను. "అన్నా, భయపడితే బొమ్మ రాలేదు. ధైర్యంగా ఉన్నా రావడం లేదు."

"అయితే ఊపిరి ఇడిసేయమంటావా ఏంది సారూ?"

"అంత వద్దులే. మీ యోగా మాస్టారు ఆఖర్లో శవాసనం వేయించలేదా?"

కాంతమ్మ అందుకుంది. "యాడ! అందరూ పండుకునే యాళకి ఈయన లేసి వచ్చేస్తాడు. బతికినోడు శవం మాదిరి పండుకునేదేంది, పిండి కలపల్ల అంటాడు."

"పండుకునేదానికి కూడా మాస్టర్ కావల్నా?" అన్నాడు మునస్వామి.

కావలసి వచ్చింది. మళ్లీ లోపలికి పంపి, యంత్రం మోత ఆగినప్పుడల్లా మైకులో చెబుతూ పోయాను. మా అమ్మ యోగా చేస్తుంటే పక్కగదిలోంచి విన్నంత మేరకే నా పాండిత్యం. ఊపిరిని దాని మానాన వదిలేయండి. కాలి బొటనవేలు ఎక్కడుందో మనసుతో చూడండి. తర్వాత మడమ, పిక్క, మోకాలు. అలా మెల్లగా పైకి, చేతివేళ్ల దాకా.

యంత్రం డబడబలాడింది. మనిషి కదల్లేదు. బొమ్మలు అచ్చేసినట్టు వచ్చాయి.

బయటికి లాగగానే బల్ల మీద లేచి కూర్చున్నాడు.

"భయమేసిందా అన్నా?"

"ఎయ్యకుండా ఉంటాదా? నా పక్కనే ఉన్నింది. ఎతుక్కునే పనిలో పడి దాన్ని పట్టించుకోలా." కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. "అన్నీ దొరికినాయి సారూ. ఈ రెండు వేళ్లే దొరకలా."

చిటికెన వేలూ, ఉంగరం వేలూ. రిపోర్టులో డాక్టర్ రాసింది ఆ రెండింటికీ పోయే నరం గురించే.

ఆపరేషన్ అయింది. పట్టు చాలావరకు తిరిగొచ్చింది. పరోటా మళ్లీ విసురుతున్నాడు, కాస్త తక్కువ ఎత్తుకు.

యోగా భయాన్ని పోగొడుతుందనుకునేవాణ్ణి. అది భయం పక్కనే పడుకోవడం కూడా నేర్పుతుందని మునస్వామి వల్ల తెలిసింది. అందుకే సొరంగంలోకి వెళ్లేవాళ్లకు ధైర్యం చెప్పడం మానేశాను. "భయపడండి, పర్వాలేదు. ముందు మీ కాలి బొటనవేలు ఎక్కడుందో చూడండి" అంటున్నాను.